కాంటా పక్కన నా పిడికిలి

ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి మూఢనమ్మకాల మీద మాట్లాడుతున్నవాణ్ణి. అదే నోటితో వేటనూ, వేటగాళ్ల గోడల మీద వేలాడే జింక తలలనూ తిట్టాను. అలాంటి నేను దుబాయ్ వెళ్లి వచ్చి ఒక పాత వేట రైఫిల్ గురించి రాస్తున్నాను. అక్కడి ఎత్తైన భవనాల గురించి చెప్పాల్సింది ఇప్పటికే చాలామంది చెప్పేశారు. నేను చెప్పేది కిటికీ కూడా లేని ఒక చిన్న గది గురించి, ఆ గదిలో నేను చేసిన పాడుపని గురించి.

కోవిడ్ గొడవ సద్దుమణిగాక షార్జాలోని తెలుగు మిత్రులు ఒక ఆదివారం సభకు పిలిచారు. మతం మాట ఎత్తొద్దని ముందే షరతు పెట్టారు. "మరి నేనేం మాట్లాడాలి?" అంటే, "సైన్సు మాట్లాడండి సార్, అది చాలు" అన్నారు. సభకు ఐదు రోజుల ముందే వెళ్లాను. జగిత్యాలలో మా సభలు నడిపే హెడ్మాస్టరు రాజలింగం ఒక మూట ఇచ్చాడు. అందులో ఎల్లిపాయ కారం, నువ్వుల లడ్డూలు. "మా అన్న సత్తయ్య అబుదాబి దిక్కు ఉంటడు సారూ. పద్నాలుగేండ్లాయె. తుపాకుల క్లబ్బుల హెల్పరు. జర అందియ్యుండ్రి" అన్నాడు.

డేరా, మంగళవారం

డేరాలో చవక హోటల్లో దిగాను. పొద్దున్నే క్రీక్ ఒడ్డుకు వెళ్లి అబ్రా ఎక్కాను. చెక్క పడవ, మధ్యలో బెంచీ, ఒక దిర్హమ్ టికెట్టు. మన డబ్బుల్లో ఇరవై రెండు రూపాయల పైమాట. మా కృష్ణలో పంటు దాటడానికి ఇంతకంటే ఎక్కువ తీసుకుంటారు, పైగా తిడతారు. ఇక్కడ పడవవాడు తిట్టలేదు, నవ్వలేదు, డబ్బులు చేతిలో వేయించుకుని ఎటో చూస్తూ నడిపాడు.

అవతల ఒడ్డున సందుల్లో దిష్టి పూసల దుకాణం కనబడింది. నీలం గాజులో తెల్లని కన్ను. నా కాళ్లు ఆగిపోయాయి. దుకాణంలో ఉన్నది పాతబస్తీ మనిషి, తెలుగు బాగానే మాట్లాడాడు.

"ఇది పనిచేస్తుందా?" అన్నాను.

"చెయ్యకుంటే కొన్నోళ్లే మళ్లెందుకొస్తరు సాబ్?"

"చేస్తే మళ్లీ ఎందుకు కొనాలి?"

అతను పూసను గుడ్డతో తుడిచి యథాస్థానంలో పెట్టాడు. "మీరు కొనరు. చాయ్ తాగుతరా?" అన్నాడు.

ఒకటింపావు దిర్హమ్ కరక్ చాయ్ తెప్పించి ఇచ్చాడు, కాగితం కప్పులో. పాలు, యాలకులు, నాలుక మీద నిలిచే చిక్కదనం. గెలిచినవాడిలా తాగాను. ఒక్క వాక్యంతో నోరు మూయించాననుకున్నాను. వాదనలో గెలవడం నాకు అలవాటు. ఆ అలవాటు గురించే తర్వాత రాయాల్సి వస్తుందని అప్పుడు తెలీదు.

మఫ్రఖ్, బుధవారం

అబుదాబి ఊరికి ఇవతలే మఫ్రఖ్. పని మనుషుల కోసం కట్టిన వసతి భవనాలు వరసగా, ఒకే రంగులో. ప్రతి బాల్కనీలో ఆరేసిన బట్టలు చూస్తే ఏ గదిలో ఏ దేశం వాళ్లున్నారో చెప్పొచ్చు. సత్తయ్య రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. గోళ్లు పొట్టిగా, శుభ్రంగా కత్తిరించుకుని ఉన్నాయి. కంపెనీ పనివాళ్లలో అలాంటి గోళ్లు నేను చూడలేదు.

"వచ్చిండ్రా సారూ, మంచిగున్నరా? మా తమ్ముడు మీ ముచ్చట్లు ఫోన్ల పంపుతడు. డ్యూటీ అయినంక ఇంటుంట."

గదిలో నలుగురు. మూట విప్పి కారం వాసన చూసి అతను కళ్లు మూసుకున్నాడు. అన్నంలో కలుపుకుని తింటూ తన సంగతి చెప్పాడు. క్లబ్బులో తుపాకులు శుభ్రం చేసే పనిలో చేరాడు. పెషావర్ నుంచి వచ్చిన ఒక ముసలి ఉస్తాద్ అతనికి తూటాలు చేత్తో నింపడం నేర్పాడు. ఇక్కడ ఇంట్లో ఎవరూ ఆ పని చేయకూడదు. అనుమతి ఉన్న క్లబ్బులో, తాళం వేసే గదిలో, లెక్క రాసి చేయాలి. ఉస్తాద్ వయసై ఊరికి వెళ్లిపోయాడు. పని మొత్తం సత్తయ్యే చేస్తున్నాడు. కాగితం మీద మాత్రం ఇంకా హెల్పరే.

"శనివారం అబూ ఖాలిద్ సాబ్ దోస్తులను తీసుకొస్తుండు" అన్నాడు. అబూ ఖాలిద్ అంటే ఆ క్లబ్బులో అందరికంటే పాత సభ్యుడు, స్థానికుడు. "నలభై తూటాలు గావాలన్నడు. అన్నీ మంచిగుంటే వీసాల పేరు మారుస్తనని మా ముదీర్, గదే మేనేజరు, మాటిచ్చిండు. హెల్పర్ తీసేసి ఆర్మరర్ అని రాస్తరు, తుపాకుల మేస్త్రి అన్నట్టు. జీతం వెరుగుతది. గప్పుడు లక్ష్మిని తెచ్చుకోవచ్చు."

లక్ష్మి అతని భార్య. పద్నాలుగేళ్లలో వాళ్లిద్దరూ కలిసి ఉన్న కాలాన్ని నెలల్లోనే లెక్కపెట్టొచ్చు.

"చేత్తో నింపడమెందుకు? దుకాణంలో దొరకవా?" అన్నాను.

"దొరుకుతయి. రెడీమేడ్ అంగి అందరికి వడుతది, ఎవ్వలికీ సరిగ్గ వట్టది. దర్జీ కుట్టిన అంగి వేరే గద సారూ. రేపు రాండ్రి, చూపిస్త."

తూటాల గది, గురువారం

క్లబ్బు ఇసుకలోకి చాలా దూరం లోపల ఉంది. పేరు రాయను. పాస్‌పోర్ట్ చూపించి, అతిథి కాగితం మీద సంతకం పెట్టి లోపలికి వెళ్లాను.

ముందు రైఫిల్ చూపించాడు. అబూ ఖాలిద్ యవ్వనంలో కొన్నది. మన పోలీసుల త్రీ నాట్ త్రీ తెలుసు కదా, దానిలాగే ఒక్కో తూటాకూ బోల్టు చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఇది థర్టీ నాట్ సిక్స్. నూరేళ్లకు పైగా వేటగాళ్లు మోస్తున్న కొలత. వాల్‌నట్ కర్ర మీద చెంప ఆనే చోట రంగు పోయి నునుపు తేలింది. పెద్దాయన ఎక్కడెక్కడో దేశాల్లో వేటాడాడట. ఇప్పుడు గురి కాగితం మీదే కాలుస్తాడు. "జంతువులను సంపుడు బంద్ వెట్టి పదేండ్లు దాటింది. కాలుసుడు మాత్రం ఇడువలే" అన్నాడు సత్తయ్య. చంపడం లేకుండా ఇందులో ఆనందమేమిటో నాకు అర్థం కాలేదు.

తూటాల గది గుమ్మంలో గోడకు ఒక రాగి పట్టీ ఉంది. సత్తయ్య రెండు అరచేతులూ దానికి ఆనించి, ఒక క్షణం ఆగి లోపలికి అడుగుపెట్టాడు. నాకు కావాల్సింది దొరికింది.

"ఇదేం మొక్కు సత్తయ్యా? తూటాల దేవతా?"

"కరెంటు సారూ. ఈడ గాలి పొడి. బట్టలకు, ఒంటికి కరెంటు వడుతది. తూటా మందు దగ్గర చిన్న మెరుపు ఎల్లినా కష్టమే. పట్టీ ముట్టుకుంటే భూమిలకు పోతది. మీరు కూడ వెట్టుండ్రి."

పెట్టాను. వేలి చివర చురుక్కుమంది. సైన్సు మాట్లాడటానికి ఖర్చులు పెట్టుకుని పిలిపించుకున్న మనిషిని కదా, సిగ్గేసింది.

గదిలో నియమాలు చాలానే ఉన్నాయి. ఫోను బయటే. బల్ల మీద ఒక్క రకం మందు డబ్బానే. జేబులు ఖాళీ. "ఇది మా మడి" అని నవ్వాడు సత్తయ్య. ఆ రైఫిల్లోనే పేలిన ఇత్తడి గుల్లలు ఒక పెట్టెలో వరసగా ఉన్నాయి. ఒకసారి పేలితే గుల్ల ఆ తుపాకీ లోపలి కొలతకు సాగుతుందట. అందుకే ఈ గుల్లలు ఈ తుపాకీవే, ఇంకోదానికి పోవు. అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్లను అప్పటికే బిగించి ఉంచాడు. ఇప్పుడు మందు తూచి పోయాలి, పైన గుండు కూర్చోబెట్టాలి. తూచేది ఉస్తాద్ వదిలి వెళ్లిన కాంటాతో. సన్నని కడ్డీ, దాని మీద గాడులు, గాడుల్లో జరిపే చిన్న తూకపు బిళ్ల.

మొదలుపెట్టే ముందు సత్తయ్య మెల్లగా "బిస్మిల్లా" అన్నాడు.

ఆ మాట వినగానే నాలోని వక్త లేచి కూర్చున్నాడు. జగిత్యాల నుంచి వచ్చిన సత్తయ్య, బిస్మిల్లా! అతను నాలుగైదు నింపేదాకా ఎలాగో ఆగాను. ఇక ఆగలేకపోయాను.

"చేతికి ఇంత సైన్సు తెలుసు. మరి నోటికి ఆ మాటెందుకు?"

అతను తల ఎత్తలేదు. "ఉస్తాద్ అనేటోడు. ఆ మాట అన్నంక ఇంకో మాట లేదని గుర్తు."

అది జవాబు కాదు, నన్ను ఆపమని చెప్పడం. నాకు వినబడలేదు. గుర్తు కావాలంటే గంట కొట్టొచ్చన్నాను. అలవాటే ఆచారమవుతుంది, ఆచారమే భయమవుతుంది అన్నాను. వేదిక మీద నాకొక అలవాటుంది. మాట పదునెక్కినప్పుడు పిడికిలితో బల్ల మీద కొడతాను. జనానికి అది ఇష్టం. కొట్టాను. ఒకసారి కాదు.

సత్తయ్య "అవు సారూ", "అట్లనే సారూ" అంటూ పని చేస్తూనే ఉన్నాడు. ముప్పై నాలుగో గుల్లకు గుండు బిగించి, గోడ మీది గడియారం చూసి, కాంటా సరిగ్గా ఉందో లేదో చూసే ఒక చిన్న సరితూకం బిళ్లను దాని మీద పెట్టాడు. కడ్డీ సమంగా నిలవలేదు. వంగి గాడులు చూశాడు. కడ్డీ మీది తూకపు బిళ్ల నా గుద్దుల అదురుకు ఒక గాడి పక్కకు జరిగి ఉంది.

అతను మందు డబ్బా మూత బిగించాడు.

"ఎప్పుడు జరిగింది?" అన్నాను.

"గదే తెల్వదు."

"మధ్యలో సరిచూసుకోవా?"

"పది తూటాలకొకపారి చూస్త. ఇయ్యాల చూడలే." అతను నా వైపు చూడలేదు. "చూడాల్నంటే మిమ్మల్ని ఆపాలె. ఊరికెల్లి వచ్చిన పెద్దమనిషిని నోరు మూసుకొమ్మని ఎట్లంట సారూ?"

పద్నాలుగేళ్లలో అతను ఆ పరీక్ష మానడం అదే మొదటిసారి. నాకు మర్యాద ఇవ్వడానికి మానేశాడు.

క్యాంటీన్

నేను చేసిందేమిటో చెబుతాను. తప్పు ఒప్పుకోవడానికి బదులు వాదించాను. ఒక గాడి తేడా అంటే ఎంత? నువ్వు గింజంత. అది కూడా చివరి రెండు మూడింటికే కావచ్చు. తయారైన తూటాలను తూచి చూడొచ్చు కదా అన్నాను. గుల్లల బరువే ఒకదానికొకటి అంతకంటే ఎక్కువ తేడా ఉంటుందని, తూస్తే ఏమీ తేలదని చెప్పాడు.

"తుపాకీ పేలిపోతుందా?"

"పోకపోవచ్చు."

"మరి?"

"పోకపోవచ్చు అన్న మాటను పెద్దాయన చెంప పక్కన వెట్టలేను సారూ. మీరు జర బయట కూసోండ్రి."

ముప్పై నాలుగింటినీ విప్పడం మొదలుపెట్టాడు. గుండు ఊడదీసి, మందు వెనక్కి పోసి, మళ్లీ మొదటి నుంచి తూచాలి. సాయంత్రం ఐదింటికి గది మూసి తాళం ముదీర్‌కు ఇవ్వాలి. శుక్రవారం ఆ గది తెరవరు. శనివారం పొద్దున అతిథులు వస్తారు.

క్యాంటీన్‌లో వంట చేసేది రాజోలు దగ్గరి నూకరత్నం. కోనసీమ నుంచి ఇళ్లలో పనికని వచ్చి, చివరికి ఇక్కడ కుదురుకుందట. హమ్మూర్ చేప తలకాయల పులుసు పోసి నా ముందు పెట్టింది. తలకాయలు ఇక్కడివాళ్లు అంతగా తినరు కాబట్టి చవకట. వాసన అద్భుతంగా ఉంది, నేను కంచం పక్కకు జరిపాను.

"ఏవైందండీ బాబుగారూ, ముద్ద ముట్టుకోలేదేంటి?"

చెప్పాను.

"ఆయ్, ఆ గదిలో మాట్లాడారా?" గరిటె పట్టుకునే నిలబడిపోయింది. "ముదీరు గుమ్మంలోకొస్తేనే మూతి మీద వేలేస్తాడండీ ఆ సత్తయ్యగారు. అంత చదువుకున్నారు, నోరు ఊరుకోదాండీ మీది?"

ముప్పై ఏళ్లలో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. ఆమె ఒక్క ప్రశ్న అడిగి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడు దిష్టి పూసల మనిషి గుర్తొచ్చాడు. అతను ఓడిపోలేదు. నాతో మాట్లాడటం మానేసి చాయ్ ఇచ్చాడు.

ఐదింటికి సత్తయ్య బయటికి వచ్చాడు. వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "పన్నెండు" అన్నాడు.

మళ్లీ మఫ్రఖ్, శుక్రవారం

గురువారం రాత్రి సత్తయ్య గదిలోనే ఉండిపోయాను. శుక్రవారం అతను లక్ష్మికి వీడియో కాల్ చేశాడు. ఆమె నన్ను చూసి తలమీద కొంగు సర్దుకుంది. "ఏం సారూ, మా ఆయన బాగ సూసుకుంటుండా?" అంది. "శనారం అయితదట గద పని?" అని అడిగింది. సత్తయ్య "చూద్దాం" అని మాట మార్చాడు. నా పేరు ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

మధ్యాహ్నం బంకు మీద పడుకుని నా గురించి ఆలోచించాను. నా ఉపన్యాసాల్లో అందరూ అడిగి చెప్పించుకునే కథ ఒకటుంది. మా చీరాల దగ్గర నిప్పుల మీద నడిచే బాబా, అరికాళ్లకు పటిక పూసుకుని దొరికిపోయిన కథ. ఇరవై ఏళ్లుగా, ఆ పటిక డబ్బా నేనే లాక్కున్నట్టు చెబుతున్నాను. నిజానికి అది నాకు ఇంకొక వక్త చెప్పాడు. అతనికెవరు చెప్పారో నేను అడగలేదు. నిజమే అయి ఉండొచ్చు. ఉండొచ్చు అన్న మాటను నేను వేల మంది చెవుల్లో పెట్టాను.

రేంజ్, శనివారం

అబూ ఖాలిద్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, కాళ్లదాకా తెల్లటి కందూరా అంగీ, చేతికర్ర. వెంట అదే వయసు స్నేహితులు ముగ్గురు. పాత తరం అక్కడివాళ్లకు హిందీ బాగా వచ్చు. సత్తయ్యను "సత్యా" అని పిలిచాడు.

ముదీర్ పెట్టె తెరిచి చూసి మండిపడ్డాడు. "నలభై చెప్తే పన్నెండా? ఖలాస్. ఇదేనా నీ పని?"

"గల్తీ నాదే" అన్నాడు సత్తయ్య.

నేను ముందుకెళ్లి నాకొచ్చిన హిందీలో చెప్పాను. గదిలో మాట్లాడింది నేను, బల్ల గుద్దింది నేను, ఇతను మర్యాద కోసం ఊరుకున్నాడు. ముదీర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. సత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు. "మాట్లాడొద్దని చెప్పుడు నా డ్యూటీ. చెప్పలే. గల్తీ నాదే."

పెద్దాయన ఒక తూటా తీసి వేళ్ల మధ్య తిప్పాడు. "యే బారా అచ్ఛా హై? కసమ్ ఖాతా హై?" ఈ పన్నెండూ మంచివేనని ఒట్టేస్తావా అని.

"కసమ్ నహీ సాబ్" అన్నాడు సత్తయ్య. "చెక్ కియా."

ఒట్టు కాదు, సరిచూశాను. ఈ నాలుగు మాటల కోసం నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! ఎన్ని జిల్లాలు తిరిగానో! చెప్పినవాడు రోజూ బిస్మిల్లా అనే సత్తయ్య. బిస్మిల్లా మీద నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ రోజు దాని గురించి నేనేమీ మాట్లాడలేదు.

అబూ ఖాలిద్ నవ్వలేదు. "యల్లా", కానిద్దాం పదండి అని రైఫిల్ అందుకున్నాడు. చేతికర్ర పక్కన పెట్టి రైఫిల్ కర్ర మీద చెంప ఆన్చాడు. మూడు తూటాలు, తొందర లేకుండా. కాగితం దగ్గరికి తెప్పించి చూస్తే, ఆ మూడు రంధ్రాలనూ కరక్ కప్పు అడుగుతో మూసేయొచ్చు. స్నేహితులు తలా రెండు కాల్చి, ఒకరి కాగితం చూసి ఒకరు పిల్లల్లా ఎగతాళి చేసుకున్నారు.

మూడు మిగిలాయి. పెద్దాయన నా వైపు చూసి, "బల్ల గుద్దినాయనా, రా" అన్నాడు. అందరూ నవ్వారు.

వద్దనాలనుకున్నాను. అనలేదు. చెవులకు కప్పులు పెట్టారు. సత్తయ్య నా భుజం సర్ది, "ఇప్పుడైతే అసలే మాట్లాడకుండ్రి సారూ" అన్నాడు. బోల్టు ముందుకు తోస్తే నూనె మీద జారినట్టు వెళ్లి, కిందికి దించగానే టక్కున కూర్చుంది. నునుపు తేలిన కర్ర మీద నా చెంప ఆన్చాను. ఆ క్షణంలో నాకు తెలిసింది, ఈ చెంప పక్కన ఉన్నది ఒక మనిషి పనితనమే. దాన్ని నమ్మడం తప్ప నాకు వేరే దారి లేదు. ఆ నమ్మకం గుడ్డిది కాదు, ముప్పై నాలుగు తూటాలు విప్పి అతను సంపాదించింది.

పేలింది. భుజం మీద గట్టిగా తోసినట్టయింది. కాలిన మందు ఘాటు, ఇసుక మీద ఎండ, తర్వాత ఒక విచిత్రమైన ప్రశాంతత. గుండు కాగితం మూలన తగిలింది. బాగుందా అంటే, బాగుంది. అబద్ధం రాయలేను. వేటను ఇప్పటికీ తిడతాను. ఆ టక్కుమన్న చప్పుడు మాత్రం మళ్లీ వినాలని ఉంది.

మిగిలిన రెండు తూటాలూ పెద్దాయన పెట్టెలోకి తిరిగి పెట్టించాడు. వెళ్తూ ముదీర్‌తో అరబ్బీలో ఏదో అన్నాడు. ముదీర్ తల ఊపాడు. ఏమన్నాడని అడిగితే సత్తయ్య, "ఎరుక లేదు సారూ. మంచిదో చెడ్డదో" అని ఇత్తడి గుల్లలు ఏరుకోవడానికి వంగాడు.

షార్జా, ఆదివారం

సభలో ఒకాయన లేచి అడగనే అడిగాడు. "సార్, నిప్పుల బాబా పటిక కథ చెప్పండి."

"అది నేను చూడలేదు, విన్నాను" అన్నాను. "సరిచూసుకున్నాక చెబుతాను." హాల్లో కుర్చీలు కదిలిన చప్పుడు. పిలిచినాయన ముఖం చిన్నబోయింది. నా ఉపన్యాసాల్లో ఇంత చప్పగా సాగింది ఇంకోటి లేదు. చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడాను.

తిరిగొచ్చిన రెండు నెలలకు రాజలింగం ఫోనులో ఒక ఫోటో పంపాడు. తూటాల గది తలుపు మీద కొత్త కాగితం. మొదటి వరుస ఇంగ్లీషులో, రెండోది ఉర్దూలో, మాట్లాడరాదని. కింద సంతకం: సత్తయ్య, ఆర్మరర్. లక్ష్మి వీసా కాగితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయట.

సంతకానికి పైన మూడో వరుస ఒకటి తెలుగులో ఉంది. ఆ క్లబ్బులో తెలుగు చదవగలిగేది సత్తయ్య, నూకరత్నం ఇద్దరే. వాళ్లిద్దరికీ ఆ మాట చెప్పక్కర్లేదు.

"బల్ల మీద చెయ్యి వేయరాదు. చుట్టాలైనా సరే."